మంగళవారం ఊదు

తెనాలిలో కాలవ వెనక సందులో షహనాజ్‌కి పని ఏ పూటకాపూట తెమిలేది కాదు. అత్త హుస్సేన్ బీ పక్షవాతంతో మంచం పట్టి ఏడాది దాటింది. దుప్పట్లు మార్చడం, ఉతకడం, అవి ఆరీ ఆరకముందే మళ్ళీ మార్చడం. దానికి తోడు ఈమధ్య ముసలామె మంచినీళ్ళు తాగనని మొండికేసింది. గ్లాసు నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంటుంది. ఇలాగైతే ఆస్పత్రిలో పడెయ్యాల్సి వస్తుందని డాక్టరు కసిరాడు. మొగుడు ముజీబ్ పొద్దున్నే దుగ్గిరాల పసుపు యార్డుకి పోయి చీకటి పడ్డాక వస్తాడు. రాగానే "అమ్మ తిన్నదా?" అంటాడు. నువ్వు తిన్నావా అనడు. చెడ్డవాడు కాదు, ఆ మాట తోచదు, అంతే.

అందుకని షహనాజ్ తన కోసమంటూ ఒక్కటి ఉంచుకుంది. మధ్యాహ్నం స్నానం చేసి, కిటికీలో మల్లె అగరొత్తి ఒకటి గుచ్చి, జుట్టు ఆరబెట్టుకుంటూ గోడకి చేరగిలబడేది. అది కాలినంతసేపే ఆమె బతుకు ఆమెది. అందులోనూ రెండుసార్లు అత్త పిలుపు ఉండనే ఉండేది. అయినా ఆ కాసేపు కూడా లేకపోతే తనకి పిచ్చెక్కుతుందని ఆమెకు తెలుసు.

ఆ మంగళవారం అగరొత్తులు అయిపోయాయి. కొట్టుదాకా నడిచే ఓపిక లేదు. గురువారం సాయంత్రం పోయినవాళ్ళ పేరున సాంబ్రాణిలా వెయ్యడానికి దాచిన ఊదు డబ్బా కనపడింది. కొబ్బరిచిప్ప ముక్క పొయ్యి మీద కాల్చి, ధూపం గిన్నెలో వేసి, మీద ఊదు చల్లింది. చెయ్యి కాస్త జారింది. పొగ కిటికీ దాటి సందంతా పాకింది. షహనాజ్‌కి కళ్ళు మూతలు పడ్డాయి.

గురువారం ఆ ఇంట్లో ఊదు వాసన వస్తే సందులో ఎవరూ పట్టించుకోరు. వేరే రోజు, అదీ మిట్టమధ్యాహ్నం వచ్చిందంటే, ఇంట్లో శవం దగ్గర వేసినట్టే లెక్క. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉంటున్న వరమ్మ టీచరుకి ఆ మాత్రం తెలియదా? చర్చికి వెళ్ళేటప్పటిలా నెత్తిన కొంగు కప్పుకుని, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గోడకి ఆనుకుని, జుట్టు విరబోసుకుని షహనాజ్ కనపడేసరికి ఉన్న అనుమానం కూడా తీరిపోయింది.

"ఎంత పని జరిగిందమ్మా. ఒక్క మాట చెప్పలేదేంటి?" అని బావురుమంది.

"ఎవరు పోయారే?" లోపల్నించి హుస్సేన్ బీ అడిగింది.

వరమ్మ నాలుక్కరుచుకుంది. "మీరేననుకున్నామండి" అంది.

"ఇంకా పోలేదు. కూర్చోండి."

ఎవరు కూర్చుంటారు? ముగ్గురూ మెల్లగా జారుకున్నారు. షహనాజ్‌కి తల కొట్టేసినట్టయింది. అత్త బతికుండగానే ఊదు వేసిన కోడలని సాయంత్రానికి సందంతా చెప్పుకుంటుంది. ఇక జన్మలో వెలిగించకూడదనుకుంటూ లోపలికి వెళ్ళింది.

హుస్సేన్ బీ గోడవైపు చూస్తోంది. "వాళ్ళనేం అనకు. నువ్వు రోజూ వెలిగిస్తూనే ఉన్నావుగా. నేను కంపు కొడుతున్నానని నాకు తెలుసు. అందుకే నీళ్ళు మానేశా. నీకు దుప్పట్లన్నా తగ్గుతాయి."

షహనాజ్ మంచం అంచున కూర్చుంది. దోమలకని చెప్పొచ్చు, దేవుడికని చెప్పొచ్చు. అబద్ధం అల్లే ఓపిక కూడా లేదు.

"మీ కోసం కాదత్తమ్మా. నాకే. పొద్దస్తమానం చాకిరీ చేసి చేసి, నేనూ మనిషినేనని కాసేపు అనిపించాలని వెలిగించుకుంటున్నా."

ముసలామె గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పింది.

"మా అత్తకి నేను చేసినప్పుడు నాకు అదీ లేదు" అంది. "అగరొత్తులు తెప్పించుకో. నీళ్ళు ఇటివ్వు."

మర్నాడు షహనాజ్ కిటికీ దగ్గర కూర్చుంది. లోపల్నించి ఒక్క పిలుపూ రాలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి అగరొత్తి చివరిదాకా కాలడం చూసింది. లేచి లోపలికి వెళితే, దుప్పటి ఎప్పుడో తడిసిపోయి ఉంది. ఆ తడిలోనే హుస్సేన్ బీ కదలకుండా, కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది.

"అయిపోయిందా తల్లీ?" అని అడిగింది.