నాలుగు రాళ్ళకూ ఒకటే దూరం

2023 ఏప్రిల్. అనంతపురం ప్రాంతంలో భూముల రీసర్వే ముమ్మరంగా సాగుతున్న రోజులు. నేను బత్తలపల్లికి దగ్గర్లోని ఒక గ్రామ సచివాలయంలో సర్వేయరుగా పనిచేస్తున్నాను. బుక్కరాయసముద్రంలో అద్దెకు ఉంటూ, పొద్దున ఆరు కాకముందే స్కూటీ మీద బయలుదేరేదాన్ని. పదకొండు దాటితే ఆ ఎర్రనేలల మీద నిలబడటం కష్టం. వేరుశనగ పీకేసి నెలలు గడిచిన చేలు, అక్కడక్కడా ఒక వేపచెట్టు. అంతకుమించి నీడ ఉండదు.

మా పనిలో ఇప్పుడు గొలుసులు లేవు, రోవర్లు వచ్చాయి. రోవర్ అంటే ఆరడుగుల కర్ర మీద పుట్టగొడుగులా కూర్చున్న యాంటెన్నా. దాన్ని ఒక రాయి మీద నిలబెడితే, ఆ రాయి తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అన్న రెండు అంకెలు తెర మీద చూపిస్తుంది. వాటినే కోఆర్డినేట్స్ అంటాం, తెలుగు పుస్తకాల్లో నిరూపకాలు అంటారు. ఇక మిగిలింది పదో తరగతి లెక్కే. రెండు రాళ్ళ తూర్పు తేడానీ ఉత్తరం తేడానీ విడివిడిగా వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే వాటి మధ్య దూరం. రెండు రాళ్ళ అంకెలు కూడి సగం చేస్తే వాటి మధ్యబిందువు. పరీక్ష అయిపోగానే మరిచిపోయే ఈ రెండు సూత్రాలతో నేను జీతం తెచ్చుకుంటున్నానని ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆ నెలలో ఒకరోజు నేను సచివాలయం మెట్ల దగ్గర స్కూటీ ఆపగానే ఒక పెద్దావిడ లేచి నిలబడింది. అరవైకి దగ్గర వయసు, సన్నటి మనిషి. పేరు ఎస్తేరమ్మ. పెళ్ళయిన దగ్గర్నుంచీ బెంగళూరులో ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసి బతికింది. వెనకాల ఆమె తమ్ముడు దేవదాసు తువ్వాలు నలుపుతూ నిలబడి ఉన్నాడు. ఊళ్ళోనే ఉంటూ కూలికి పోతాడు. చేనికి హద్దులు చూపాలా అని అడిగాను. అలవాటైన ప్రశ్న అది.

"హద్దు కాదు మేడమ్ నాకు కావాల్సింది. మా యమ్మ యాడుండాదో చూపియ్యల్ల" అంది ఎస్తేరమ్మ.

నాకు అర్థం కాలేదు. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక నెమ్మదిగా చెప్పింది.

ఆమెకు ఆరేళ్ళప్పుడు, దేవదాసు పుట్టిన రోజే వాళ్ళమ్మ పోయింది. వాళ్ళ చేను పక్కన పదేళ్ళకోసారి పారే వంక ఆ వారమే పొంగింది. సమాధుల దొడ్డి వంకకు అవతలుంది. మూడు రోజులు చూసినా నీళ్ళు తగ్గలేదు. ఇక ఆగలేక వాళ్ళ నాయన భార్యను తమ చేన్లోనే పూడ్చాడు. నక్కలు తవ్వకుండా నాపబండ కప్పి, దానిపైన మట్టి పూడ్చాడు. సిలువ పాతించే స్తోమత లేదు, పేరు రాయడానికి చదువు లేదు. అయితే ఆయన పడుచుతనంలో సర్వే వాళ్ళ వెంట గొలుసు లాగే కూలిగా తిరిగినవాడు. ఎక్కడ పూడ్చాడో మరిచిపోకుండా ఉండటానికి, తనకు తెలిసిన విద్యతోనే చోటు ఎంచుకున్నాడు.

"నాలుగు రాళ్ళకూ ఒగటే దూరం పాపా. రాళ్ళు ఉన్నంత కాలం మీ యమ్మ యాడికీ పోదు" అని కూతురికి చెప్పాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఎస్తేరమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా అయింది.

ఆ చోట ఒక తంగేడు పొద మొలిచింది. నాయన బతికున్నంత కాలం నాగలి దాన్ని తప్పించుకుని పోయేది. ఆయన పోయాక చేను కౌలుకు ఇచ్చారు. కౌలుదారు పొద కొట్టేశాడు. ఆ తర్వాత ఎస్తేరమ్మ బెంగళూరు నుంచి వచ్చేసరికి చేనంతా చదునుగా ఉంది. అప్పటినుంచి ఇరవై ఏళ్ళుగా, నవంబరులో పోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండుగకు వచ్చినప్పుడల్లా, ఇదే అనుకున్న చోట కొవ్వొత్తులు వెలిగించి పోతోంది.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల చేలన్నీ సోలార్ కంపెనీ లీజుకు తీసుకుంటోంది. దేవదాసు కూడా సంతకం పెట్టాడు. వానలు అదను తప్పి నాలుగేళ్ళుగా పంట సరిగా చేతికి రాలేదు, అతన్ని తప్పుపట్టలేం. వారం రోజుల్లో నేల చదును చేసే యంత్రాలు దిగుతాయి. ఇనుప స్తంభాలు లోతుగా దిగుతాయి. అవి అమ్మ మీద దిగకూడదని ఎస్తేరమ్మ కోరిక. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు, చీరముక్క కూడా లేదు. మిగిలింది ఆ చోటు ఒక్కటే.

"నాకు మా యమ్మ మొగం గూడా తెల్దు మేడమ్. అక్కకన్నా తెలుసు" అన్నాడు దేవదాసు, అదేదో తన తప్పయినట్టు.

నా దగ్గరికి వచ్చేముందే వాళ్ళు ఒక ప్రయత్నం చేశారు. చేనుకు నాలుగు మూలలా నాలుగు రాళ్ళున్నాయి. ఎదురెదురు రాళ్ళకు తాళ్ళు కట్టి, రెండు తాళ్ళు కలిసిన చోట నడుం లోతు తవ్వారు. ఎర్రమట్టి పోయి సుద్ద వచ్చింది. బండ లేదు. నేను వెళ్ళేసరికి ఆ గుంత అలాగే ఉంది. ఎస్తేరమ్మ దాని గట్టున కూర్చుని లోపలికి చూడకుండా మొహం తిప్పుకుంది. బండను ఎవరో ఎత్తుకుపోయారేమో, ఎముకలు కూడా మిగల్లేదేమో అని ఆమె భయం. వాళ్ళ నాయన ఏదో పిల్లను ఊరడించడానికి చెప్పిన మాట అది, పట్టించుకోవద్దని ఊళ్ళో కొందరు అన్నారట.

నేను ముందు పాత పటం తీశాను. ప్రతి సర్వే నంబరుకూ కొలతలతో గీసిన పటం ఉంటుంది, దాన్ని ఎఫ్ఎంబి అంటాం. ఆ చేను పటం మడత దగ్గర చిరిగి, సరిగ్గా ఈశాన్యం మూల ముక్క ఊడిపోయి ఉంది. ఇక రాళ్ళనే అడగాలి.

నాలుగు రాళ్ళ మీదా రోవర్ నిలబెట్టాను. నైరుతి రాయిని సున్నా అనుకుని లెక్క మొదలుపెట్టాను. దశాంశాలు వదిలేసి చెబుతున్నాను. అక్కణ్ణించి వాయవ్యం రాయి తూర్పుకు 24, ఉత్తరానికి 72 మీటర్లు. ఆగ్నేయం రాయి తూర్పుకు 120, దక్షిణానికి 40. ఈశాన్యం రాయి తూర్పుకు 132, ఉత్తరానికి 22. తర్వాత వాళ్ళు తవ్విన గుంత మీద రోవర్ పెట్టి, దానికీ ఒక్కో రాయికీ మధ్య దూరం కట్టాను. 76, 78, 69, 58 వచ్చాయి. నాలుగు రాళ్ళకు నాలుగు దూరాలు.

"పెద్దమ్మా, మీ నాయన చెప్పిన చోటు ఇది కాదు" అన్నాను. ఆమె తల ఎత్తింది.

నాలుగు మూలలకూ ఒకే దూరంలో ఒక బిందువు ఉండాలంటే, ఆ చేను ఎలాగంటే అలాగ ఉండకూడదు. దీర్ఘచతురస్రమైతే ఉంటుంది. ఇది దీర్ఘచతురస్రమేనా? అలాగైతే రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి 147న్నర మీటర్లు. నైరుతి నుంచి ఈశాన్యానికి 134కు కొంచెం తక్కువ. పొంతన లేదు. అంటే ఒక రాయి అబద్ధం చెబుతోంది. ఏది?

వేపచెట్టు కింద కూర్చుని మూడేసి రాళ్ళు తీసుకుని చూశాను. నైరుతి, వాయవ్యం, ఆగ్నేయం. పడమటి వైపు పొడవు వర్గం 5760. దక్షిణం వైపు 16000. రెండూ కూడితే 21760. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి తూర్పు తేడా 96, ఉత్తరం తేడా 112. వాటి వర్గాలు కూడితే అదే 21760. నైరుతి మూల నిక్కచ్చి లంబకోణం. చేత్తో పాతిన మూడు రాళ్ళు ఇన్నేళ్ళ తర్వాత అంత కచ్చితంగా నిలబడ్డాయంటే, అవి కదల్లేదని నమ్మవచ్చు. తేడా అంతా ఈశాన్యం రాయిదే.

అప్పుడు నాకు బళ్ళో చదివిన ఒక మాట గుర్తొచ్చింది. లంబకోణ త్రిభుజంలో కర్ణం మధ్యబిందువు మూడు మూలలకూ సమాన దూరంలో ఉంటుంది. అలాంటప్పుడు నాలుగో రాయితో పని లేదు. వాయవ్యం, ఆగ్నేయం అంకెలు కూడి సగం చేశాను. తూర్పుకు 72, ఉత్తరానికి 16. అక్కణ్ణించి మూడు రాళ్ళకూ దూరం కట్టాను. 73.76. 73.76. మూడోసారీ అదే. ఉద్యోగంలో ఎన్నో లెక్కలు చేశాను గానీ, ఒకే అంకె మూడుసార్లు రాసి, మళ్ళీ మొదట్నుంచీ సరిచూసుకోవడం అదొక్కసారే.

నాలుగో రాయి అసలు ఎక్కడుండాలో కూడా ఆ మధ్యబిందువే చెప్పింది. నైరుతి నుంచి దానికెంత దూరమో, అటువైపు మళ్ళీ అంత. రోవర్ పట్టుకుని నడిచాను. అది నన్ను గట్టు దించి వంక నడుమకు, ఇసుకలోకి తీసుకెళ్ళింది.

పక్క చేను నారాయణప్ప తాత అప్పటికే మమ్మల్ని చూసి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి. ఇక్కడెప్పుడైనా రాయి ఉండేదా అని అడిగాను.

"ఉండె. ఈ పాప పెండ్లయిపోయినాక వంక ఇంగోతూరి పొంగి గట్టు కోసుకోని పాయ. రాయి ఇసకలో పడె. వాళ్ళ నాయనే మోసుకొచ్చి పైన పాతినాడు. నేనూ ఒగ చెయ్యి ఏసినా" అన్నాడు.

ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. అప్పటికి తంగేడు పొద ఉంది కాబట్టి, రాయి జరిగితే చోటు తెలియకుండా పోతుందని ఆయనకు తట్టి ఉండదు.

మధ్యబిందువు తవ్విన గుంతకు పదిహేను అడుగుల దూరంలో పడింది. అక్కడ ఒక పుల్ల గుచ్చాను. గడ్డపార అందుకోబోయిన దేవదాసు ఆగిపోయాడు. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఈడ గూడా లేకుంటే?"

నాకు ధైర్యం చాల్లేదు. లెక్క తప్పు కాదని తెలుసు. కానీ యాభై ఏళ్ళ కిందట ఒక మనిషి, పసిగుడ్డును ఎవరి చేతిలోనో పెట్టి, వానలో తాడు పట్టుకుని కొలిచిన కొలత అది. "మూడు రాళ్ళూ ఇక్కడే అంటున్నాయి పెద్దమ్మా" అన్నాను. 

దేవదాసు తవ్వాడు. మోకాటి లోతు దాటాక గడ్డపార ఠంగుమంది. అతను దాన్ని పక్కన పడేసి, చేతుల్తో మట్టి తీశాడు. నల్లటి నాపబండ అంచు కనబడింది. ఎస్తేరమ్మ చాలించమంది. బండ ఎత్తొద్దంది. గుంతలోకి దిగి కూర్చుని, అరచేత్తో బండ మీది మట్టి తుడిచింది. ఎండ నెత్తికెక్కుతోంది, ఎవరికీ కదలాలనిపించలేదు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"నేను ఈ ముందర్నే కూచుంటాంటి మేడమ్. కొవ్వొత్తులు ఆ పక్క పెట్టి, ఆ పక్కకే తిరిగి ప్రార్థన చేసుకుంటాంటి. ఇన్నేండ్లూ అమ్మ నా యెనకాలుండాది."

దేవదాసు అప్పటికే పైకెక్కి గుంత అంచున నిలబడి ఉన్నాడు. అక్క రమ్మని పిలిచాక దిగాడు. పక్కన కూర్చుని, బండ తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, నేనేమని పిల్చల్ల?" అన్నాడు.

యాభై దాటిన మనిషి. ఆ పిలుపు అతని నోటికి ఎప్పుడూ అవసరం పడలేదు. ఎస్తేరమ్మ అతని చెయ్యి పట్టుకుని బండ మీద పెట్టింది. అతని పెదవులు కదిలాయి గానీ మాట నాకు వినబడలేదు. నేను రోవర్ తీసుకుని వేపచెట్టు దగ్గరికి వచ్చేశాను.

తర్వాత జరిగింది ఆఫీసు పని. ఆ చోటు నిరూపకాలు కాగితం మీద రాసి, చేను పటంలో గుర్తు పెట్టి, సోలార్ సైటు ఇంజనీరుతో మాట్లాడాను. అతను మొదట ఒప్పుకోలేదు, వరసలు డిజైన్ అయిపోయాయన్నాడు. రెండోరోజు తనే వచ్చి గుంత దగ్గర నిలబడి చూసి, ఒక వరసను జరిపాడు. పన్నెండు అడుగుల చోటు వదిలారు. సమాధుల పండుగకు గేటు తీయడానికి కూడా ఒప్పుకున్నారు.

ఆ నవంబరులో ఎస్తేరమ్మ కొవ్వొత్తులు వెలిగించి వచ్చి నాకు ఫోన్ చేసింది. సంతోషంగా ఉందా అని అడిగాను. "యాడుండాదో తెల్దన్నప్పుడు ఎప్పుడో ఒగసారి తలుచుకుంటాంటి. తెలిసినాక పొద్దస్తమానం ఆడికే పోతాంది మనసు. బెంగళూరులో కాలు నిలవడం లేదు మేడమ్" అంది. నేను ఆమె బాధ తీర్చాననుకున్నాను. ఆ మాట విన్నాక అలా అనుకోవడం మానేశాను. నేను చూపించింది చోటు మాత్రమే. ఆమె వెతుకుతున్న మనిషి నా రెండు సూత్రాలకు అందదు.

ఈ కేసు నా పని పద్ధతిని కొంత మార్చింది. అంతకుముందు లెక్కకు సరిపడని రాయి కనబడితే, జరిగిందని రాసేసి ముందుకు పోయేదాన్ని. ఇప్పుడు దాన్ని ఎవరు జరిపారు, ఎందుకు జరిపారు అని ఊళ్ళో పెద్దవాళ్ళను అడుగుతున్నాను. ఇంకొక ప్రశ్న కూడా మొదలుపెట్టాను. మొదటి రాయి మీద రోవర్ నిలబెట్టేముందు, ఈ చేన్లో మీవాళ్ళెవరైనా ఉన్నారా అని అడుగుతాను. చాలామంది లేరంటారు. కొందరు మాత్రం వెంటనే జవాబు చెప్పరు, చేను వైపు చూస్తూ నిలబడిపోతారు. అప్పుడు నేను రోవర్ పక్కన పెట్టి, వాళ్ళు మాట్లాడేదాకా ఆగుతాను.