మేడ మీద పదకొండు కమోడ్లు

ఎవరి మొగుళ్లైనా ఇంటికి పూలో పళ్లో తెస్తారు, మా ఆయన కమోడ్లు తెస్తాడు అని ప్లంబర్ మేస్త్రీ భార్య ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. బాత్‌రూము మార్పించుకునేవాళ్లు పాతది ఎక్కడైనా పారెయ్యమనేవారు. పగలని వస్తువును పారెయ్యడానికి మేస్త్రీకి మనసొప్పేది కాదు. మోసుకొచ్చి, తాను అద్దెకుంటున్న మేడ మీది గది ముందు వరసగా నిలబెట్టేవాడు. కమోడు లోపలి వంపులో నీళ్లు నిలుస్తాయని అతనికి కాక ఎవరికి తెలుసు? అందుకని నీళ్లు చిలకరిస్తూ డ్రిల్లుతో ఓపిగ్గా కన్నం వేసి, అడుగున ఇటుక ముక్కలు పరిచి, మట్టి నింపేవాడు. వంకాయలు విరగకాసేవి. భార్య మాత్రం వాటిని ముట్టుకోకుండా బజారులో కొనుక్కొచ్చేది.

ఏది ఎవరింటిదో అతనికి బాగా గుర్తు. "డాక్టరమ్మగారిది పూతకొచ్చింది" అనేవాడు అన్నం తింటూ. భార్య చెవులు మూసుకునేది.

కాసినవన్నీ తెలిసినవాళ్లకు పంచేవాడు. ఎక్కడివని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఒకరోజు పక్కవీధి హెడ్మాస్టరు అడిగాడు.

"వంకాయలు వెన్నలా ఉన్నాయోయ్. ఏ తోటవి?"

"మీ పాతదాంట్లో కాసినవే మాస్టారూ."

గౌరవంగానే చెప్పాడు. మాస్టారు సంచి అక్కడే కింద పెట్టేసి, నేరుగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లాడు. ఓనరు ఇంట్లో కూడా రెండేళ్లుగా అవే వంకాయలు.

ఆ సాయంత్రం ఓనరు మేడెక్కాడు. పదకొండు కమోడ్లనీ ఒకసారి కలియజూశాడు.

"నా పరువు గంగలో కలిపావు కదయ్యా. ఆదివారంలోగా ఇక్కడ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే నువ్వూ ఉండవు."

మేస్త్రీ పిల్లల్లేని మనిషి, పొద్దున్నే లేచి మొదట పలకరించేది వాటినే. వాటిని ఇంకెక్కడ పెడతాడు? ఎవరు పెట్టనిస్తారు?

ఓనరు వెనక్కి తిరుగుతూ చివరిదాని దగ్గర ఆగాడు. అంచున నీలం గీత, లోపలి నుంచి పిట్టగోడ మీదికి పాకిన కాకర తీగ.

"ఇదెవరిది?"

"మీ నాన్నగారిది సార్."

ఓనరు వంగి ఆ నీలం గీత వైపు చూశాడు.

"పెద్దాయన పోయాక మీరు బాత్‌రూము మార్పించారు కదా. పారెయ్యమన్నారు. చేతులు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"వారానికోసారి నన్ను పిలిపించేవారు సార్, ఫ్లష్ కారుతోందని. అది కారింది ఎప్పుడూ లేదు. నేను విప్పినట్టూ బిగించినట్టూ చేస్తుంటే, స్టూలు మీద కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పేవారు."

"మా నాన్నా? ఇంట్లో రెండు ముక్కలు కూడా మాట్లాడేవాడు కాదే."

"వినడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేదనేవారు సార్."

కొళాయిలో వాషరు అరిగిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు మేస్త్రీ. చెప్పాక గానీ, చెప్పకుండా ఉండాల్సిందేమోనని తోచలేదు. ఓనరు ఇక ఆదివారం దాకా కూడా ఆగడేమో అనుకున్నాడు.

ఓనరు తీగ కింద దాగిన పిందెను వేలితో కొంచెం పైకెత్తి వదిలేశాడు.

"ఉండనీ. అన్నీ ఉండనీ" అన్నాడు చివరికి.

తర్వాత పక్కనున్న నీళ్ల తొట్టిలోంచి చెంబు తీసి, నిండా ముంచి, కాకర మొదట్లో పోశాడు. మళ్లీ ముంచాడు. అరగంట క్రితమే మేస్త్రీ ఆ మొక్కకు నీళ్లు పెట్టాడు. ఇంకా పోస్తే వేళ్లు కుళ్లుతాయి. ఓనరు మూడో చెంబు ముంచుకుంటుంటే మేస్త్రీ నోరు తెరిచాడు, మూసుకున్నాడు, తొట్టి దగ్గర్నుంచి పక్కకు జరిగి దారిచ్చాడు.