ఉప్పు తగినంత

కరోనా సద్దుమణిగి క్యాంపస్‌లో మళ్ళీ మనుషుల అలికిడి మొదలైన ఏడాది, వానాకాలం ఆరంభంలో, నన్ను ‘నిత్య వంట - ప్రాథమిక కోర్సు’కు కోఆర్డినేటర్‌గా వేశారు. అప్పటికి నేను తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయంలో, ఆహార పోషణ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. రిటైర్మెంట్ దగ్గర పడింది. అలాంటివాళ్ళకు ఇలాంటి అదనపు బాధ్యతలు తగిలించడం మా దగ్గర మామూలే. కాదంటే పెద్దరికం పోతుంది, ఔనంటే సాయంత్రాలు పోతాయి. నేను కాస్త సణిగి ఔనన్నాను.

కోర్సు వంట బొత్తిగా రానివాళ్ళ కోసం. హాస్టల్ పిల్లలు, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు, టీ కాచుకోవడం కూడా రాకుండా ఉద్యోగం ముగించిన మగవాళ్ళు వచ్చేవారు. తరగతి మా ఫుడ్ ల్యాబ్‌లోనే. ల్యాబ్ అనగానే గాజు సీసాలు ఊహించుకోకండి. బల్లకు ఇద్దరు, ఒక గ్యాస్ స్టవ్, ఒక ఎలక్ట్రానిక్ త్రాసు, కాచిగూడ నుంచి తెప్పించిన స్టీలు గిన్నెలు, గోడకు ఎవరో తగిలించిన వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. అంతే.

మొదటిరోజు నేను వంట నేర్పను. సర్దుకోవడం నేర్పుతాను. స్టవ్ వెలిగించకముందే కూరలు తరిగి, పోపు గింజలు, కారం, పసుపు, ఉప్పు, అన్నీ వేటికవి చిన్న గిన్నెల్లో పెట్టుకోవాలి. మా వృత్తిలో ఇది ఓనమాలు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మాత్రం ఇది వట్టి చాదస్తంలా కనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత ఆ గిన్నెలన్నీ కడగాలి. రెండో నియమం రుచి చూడటం. ప్రతి దశలోనూ చూడాలి. గిన్నెలో పెట్టిన గరిటె నోటికి తగలకూడదు, దాంట్లోంచి ఇంకో చెంచాలోకి పోసుకుని చూడాలి. చివరి పరీక్షలో దీనికి విడిగా మార్కులుంటాయి.

ఆ బ్యాచ్‌లో కామేశ్వరిగారు ఎందుకు చేరారో నాకు మొదట అర్థం కాలేదు. గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. భర్త రామ్మూర్తిగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. కొడుకూ కోడలూ ఉద్యోగస్తులు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఇంటిల్లిపాదికీ వండేది ఈవిడే. పక్కవాళ్ళు వంకాయను ఎటు నుంచి కోయాలా అని తిప్పి చూస్తుంటే, ఈవిడ నాలుగు కాయలు తరిగి నీళ్ళలో వేసేసేవారు. ఇంత వచ్చినావిడకు ప్రాథమిక కోర్సు ఎందుకు? నన్ను పరీక్షించడానికి వచ్చారేమోనని కూడా అనుకున్నాను. మాస్టార్ల బుద్ధి అలాగే ఉంటుంది.

ఆవిడ బల్ల దగ్గర రెండో మనిషి స్వప్న. జనగామ వైపు రైతుల అమ్మాయి, మా దగ్గరే పీజీ. మాణికేశ్వర్ నగర్‌లో స్నేహితురాళ్ళతో గది తీసుకుని ఉండేది. వాళ్ళలో ఎవరికీ వంట రాదు, అందుకని తలా ఇంత వేసుకుని ఈ పిల్లను నేర్చుకురమ్మని పంపారు. రుచి చూడమన్న నా నియమాన్ని మనసా వాచా పాటించింది స్వప్న ఒక్కతే. చూసీ చూసీ, దించేసరికి కూర సగమయ్యేది.

కామేశ్వరిగారు ఒక్కసారి కూడా రుచి చూసేవారు కాదు. నేను అడిగితే నవ్వి, “మా ఇంట్లో అలవాటు లేదండీ. నైవేద్యం పెట్టకుండా ఎంగిలి చేయకూడదు కదా,” అన్నారు. ఈ ఆచారం నాకు కొత్తేమీ కాదు. అలాంటి ఇళ్ళలో ఆడవాళ్ళు మరుగుతున్న చారు మీదికి వంగి, ఆవిరి పీల్చి, ఉప్పు పడిందో లేదో చెప్పేస్తారు. ఉప్పుకు వాసన లేదు, నిజమే. కానీ ఉప్పు పడ్డ చారుకు ఉంది. ఉప్పు కరగగానే అందులోని సువాసనలు పైకి లేస్తాయి. మా శాస్త్రం చెప్పేదీ అదే. “ఇది ల్యాబ్ అండీ, ఇక్కడ నైవేద్యం లేదు,” అన్నాను. “చెయ్యి రాదండీ,” అన్నారావిడ. సరే మార్కులు పోతాయి, ఆవిడకు మార్కులెందుకు అని వదిలేశాను.

చారు పెట్టిన రోజున అసలు సంగతి బయటపడింది. కామేశ్వరిగారు నా మొదటిరోజు పాఠం పక్కనపెట్టి, ఇంటి అలవాటు కొద్దీ డబ్బాలోంచే ఉప్పు తీసి చారులో వేశారు. కాసేపాగి గిన్నె మీదికి వంగారు. అలాగే ఉండిపోయారు. లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఉప్పు తీసి వేశారు.

స్వప్న చూసింది. “ఆంటీ, గిప్పుడే ఏసిండ్రు గద ఉప్పు. మళ్ళేస్తున్నరేంది?”

“పడలేదే అమ్మాయ్.”

“పడ్డది ఆంటీ, నేను చూసిన.” ఆ పిల్ల చారు చుక్క అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు గట్టిగా మూసుకుంది. “మేడమ్, మస్తు ఉప్పున్నది. తాగరాదు.”

కామేశ్వరిగారు స్టవ్ ఆపేసి, ఆ గిన్నెను తీసుకెళ్ళి సింకులో వంచేశారు. తరగతి అయ్యాక అందరూ వెళ్ళిపోతున్నా బల్ల తుడుస్తూనే ఉన్నారు, తుడిచిన చోటే తుడుస్తున్నారు. నేను స్టూలు లాగి పక్కన కూర్చుని, ఎన్నాళ్ళయిందండీ వాసన పోయి అని అడిగాను.

కరోనా జ్వరంలో పోయిందట. ఇంట్లో అందరికీ పోయి, అందరికీ తిరిగొచ్చింది. ఈవిడకు రాలేదు. తనకూ వచ్చేసిందని అందరితో అబద్ధం చెప్పారు. నిజం చెబితే వంటింట్లోంచి లేవమంటారని భయం. ఇప్పటికే కోడలు, అత్తయ్యా ఇక మీరు కష్టపడకండి, వంటమనిషిని పెడదాం అంటోందట. ఆ అమ్మాయి మంచికే అంటోంది, కానీ చారులో వేడినీళ్ళు కలుపుకుంటూ అంటోంది.

నాలుకకు ఉప్పు తెలుస్తుందా అని అడిగాను. “తెలుస్తుందండీ. కానీ అందరూ తిన్నాక కదా నేను కూర్చునేది! అప్పుడు తెలుస్తుంది, అయ్యో ఇవాళ కూడా అని. ఆయన మాత్రం ఒక్క మాటనరు. బాగుంది బాగుంది అంటూ తినేస్తారు. మొన్న డాక్టరు ఆయనకు బీపీ మాత్ర పెంచాడు.” “నా చేత్తో నేనే ఆయనకు...” అని ఆగిపోయారు.

నైవేద్యానికి ఒక గిన్నెలోకి ముందు తీసేసి, మిగతాది రుచి చూసి సరిచేసుకోవచ్చు కదా అన్నాను. చాలా ఇళ్ళలో చేసే పనే. ఆవిడ తల అడ్డంగా ఊపారు. “అంటే మేం సరిచేసుకుని తిని, స్వామికి మాత్రం ఉప్పు కషాయం పెట్టమంటారా? ఇన్నేళ్ళూ దేవుడికి లోటు చేయలేదు.”

“మరి ఈ కోర్సుకు ఎందుకు వచ్చారు?”

“మీరు కొలతలు నేర్పుతారని వచ్చానండీ. తీరా చూస్తే మీరిచ్చిన వంటల కాగితం మీద కూడా ‘ఉప్పు తగినంత’ అనే ఉంది. ఆ తగినంత ఎంతో తెలుసుకుందామనే కదా నేను వచ్చింది!”

నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. తెలుగులో వంట రాసిన ప్రతివాళ్ళూ రాసే మాటే అది. గ్రాముల్లో చెప్పేస్తే సరిపోతుందనుకోకండి. పప్పు చిక్కదనం, చింతపండు పులుపు, ఇంటివాళ్ళ నాలుక, వీటిని బట్టి మారుతుంది కాబట్టే అలా రాస్తాం. ఈవిడకు కావలసింది నా కొలత కాదని మాత్రం ఆ సాయంత్రం అర్థమైంది.

సాయం చేస్తాను గానీ ఒక షరతు అన్నాను. వాసన తెలియదన్న సంగతి ఇంట్లో చెప్పి తీరాలి. ఉప్పు సంగతి తర్వాత, గ్యాస్ లీకైతే ఎవరికి తెలుస్తుంది? ఈ మాట కాస్త కటువుగానే అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. గ్యాస్ సంగతి ఆవిడకు తట్టనే లేదు.

మర్నాడు ఆవిడ వచ్చి, ఇంట్లో చెప్పేశానన్నారు. భర్తకు ముందే తెలుసట. పొయ్యి మీద పాలు మాడుతుంటే ఈవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న రోజునే కనిపెట్టారట. అప్పటినుంచీ ఈవిడ వంట ముగించి ఇవతలికి రాగానే, మంచినీళ్ళ వంకతో లోపలికెళ్ళి సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపి వస్తున్నారు, మళ్ళీ వంట వేళకు ఈవిడ చూడకముందే తిప్పి పెడుతున్నారు. నీకు బాధ కలుగుతుందని చెప్పలేదు కామేశ్వరీ అన్నారట. ఇలాంటి మంచితనం మీద నాకు భలే కోపం. నోరు మూసుకుని ఉప్పు తిని బీపీ పెంచుకోవడం ఏం ప్రేమ? అయినా ఆ రెగ్యులేటర్ మాట విన్నాక ఆయన్ని పూర్తిగా తిట్టబుద్ధి కాలేదు.

ఇక పని మొదలుపెట్టాం. ఆహార పరిశోధనలో ఒక వంటకాన్ని ప్రామాణికం చేయడం అంటే, ఎన్నిసార్లు చేసినా ఒకేలా వచ్చేటట్టు దాని కొలతలు తేల్చడం. నేను వంటకాన్ని కాదు, కామేశ్వరిగారి చేతిని కొలవదలిచాను. త్రాసు మీద పళ్ళెం పెట్టి, అంకెలు నావైపు తిప్పుకున్నాను. మీ ఇంట్లో చారుకు వేసినట్టే ఇందులో ఉప్పు వేయండి అన్నాను. ఆవిడ బిగుసుకుపోయారు. కొంచెం తీస్తారు, సగం వదులుతారు, ఇంతేనా అని నన్ను చూస్తారు. అంకెలు ఇష్టం వచ్చినట్టు మారుతున్నాయి.

అప్పుడు స్వప్నను పిలిచి, ఆవిడతో ఏదైనా మాట్లాడమన్నాను. ఆ పిల్లకు అంతకంటే ఏం కావాలి?

“ఆంటీ, పులిహోర పొడిపొడిగ ఎట్లైతది? నేను జేస్తే ముద్దైతుంది. మా రూమోళ్ళు నవ్వుతున్రు.”

“అన్నం వార్చగానే పళ్ళెంలో ఆరబెట్టావా? నూనె చుక్క వేశావా?”

“పళ్ళెం ఏడిది ఆంటీ, కుక్కర్లనే కలిపిన.”

“కుక్కర్లోనా! రామ రామ.”

ఆవిడ పులిహోర ధ్యాసలో పడి చెబుతూ ఉంటే, నేను పళ్ళెం ఖాళీచేసి ముందుకు జరుపుతూ ఉన్నాను. చెయ్యి తనంతట తాను డబ్బాలోకి వెళ్ళి, వేళ్ళు ముడుచుకుని, ఉప్పు తెచ్చి వేస్తోంది. ఎన్నిసార్లు వేసినా తూకం ఇంచుమించు ఒక్కటే. ఆ ఉప్పుతోనే చారు పెట్టించి పది మందికి రుచి చూపించాం. దీన్నే మేం రుచి పరీక్ష అంటాం. వండిందెవరో చెప్పకుండా ఇచ్చి, ఉప్పు తక్కువా, సరిపోయిందా, ఎక్కువా అని రాయమంటాం. దాదాపు అందరూ సరిపోయిందనే రాశారు.

త్రాసు ఆవిడవైపు తిప్పి చూపించాను. చేతికి అసలు ఏ లోపమూ రాలేదు. ఇన్నాళ్ళూ ఉప్పు వేసేది చెయ్యి, పడిందని సాక్ష్యం చెప్పేది ముక్కు. సాక్షి పోయేసరికి ఆవిడ చేతిని నమ్మడం మానేసి, పడలేదేమోనని రెండోసారి వేస్తున్నారు. అంతే జరిగింది. కామేశ్వరిగారు తన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. “ఇది బాగానే ఉందన్నమాట,” అన్నారు.

మందు మొదటిరోజు పాఠంలోనే ఉంది. స్టవ్ వెలిగించకముందే చారుకు ఒక గిన్నెలో, కూరకు ఒక గిన్నెలో చేత్తో ఉప్పు వేసి పెట్టుకోవాలి. తర్వాత డబ్బా మూతపెట్టి పై అరలో పెట్టేయాలి. గిన్నె ఖాళీ అయిందంటే ఉప్పు పడ్డట్టే. ఇక వంగి వాసన చూడనక్కర్లేదు, ఎంగిలి చేయనక్కర్లేదు. పోపు మాడకుండా ఆవాల చిటపటను, మినప్పప్పు రంగును చూసుకోవడం ఆవిడే అలవాటు చేసుకున్నారు.

చివరి పరీక్షకు ముందు నేను మార్కుల పట్టికలో ‘రుచి చూడటం’ తీసేసి ‘ఉప్పు సరిచూసుకునే పద్ధతి’ అని రాయించాను. కోఆర్డినేటర్‌కు ఆ మాత్రం అధికారం ఉంటుంది. ఆ రోజు కామేశ్వరిగారు ముద్దపప్పు, చారు చేశారు. కొంచెం తీసి క్యాలెండరు ముందు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాకే మా ముందుకు తెచ్చారు. బల్ల మీద ఉప్పు గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. పూర్తి మార్కులు వేశాను. స్వప్న చారు రెండుసార్లు పోయించుకుంది.

కొన్నాళ్ళకు తార్నాక చౌరస్తాలో, మెట్రో మెట్ల కింద కూరగాయలు బేరమాడుతూ కామేశ్వరిగారు కనబడ్డారు. ఎలా ఉంది వంట అన్నాను. మొహం వెలిగిపోతూ, “ఆయన నిన్న కంచం ముందు కూర్చుని, ‘ఏమిటే, చారు ఇంత చప్పగా ఏడిచింది’ అని విసుక్కున్నారండీ!” అన్నారు. నెలల తరబడి ఉప్పుకు అలవాటుపడ్డ నాలుకకు సరైన చారు చప్పగానే అనిపిస్తుంది, కొద్ది వారాల్లో సర్దుకుంటుంది అని వివరించబోయాను. ఆవిడ వింటేగా! “జ్వరం తగ్గాక ఇదే మొదటిసారండీ, నా వంటకు ఆయన వంక పెట్టడం,” అని కొంగుతో కళ్ళొత్తుకున్నారు. “గిన్నె ఖాళీ అయింది, నేనింక వెయ్యను, అలాగే తినండి అన్నాను. తిన్నారు.”

తర్వాతి బ్యాచ్‌లకు ఇచ్చిన కాగితాల్లో ‘ఉప్పు తగినంత’ అన్న మాటను నేను మార్చలేదు. దాని పక్కన ‘ముందే గిన్నెలోకి తీసుకోండి, ఖాళీ అయ్యాక మళ్ళీ వేయకండి’ అని చేర్చాను. నేర్పే పద్ధతిలో మాత్రం ఒకటి మార్చుకున్నాను. ఎవరికైనా రుచి చూడమని చెప్పే ముందు, ఇన్నాళ్ళూ మీరు ఉప్పును దేనితో తెలుసుకుంటున్నారు అని అడగడం మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా ప్రతి తరగతిలోనూ అదే నా మొదటి ప్రశ్న.