తాళాలు ఎవరి చేతిలో

ఎనభైల మొదట్లో, అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో నాకు డ్రైవింగ్ నేర్పాల్సింది మా ఆయన. కానీ ఆయన పక్కన కూర్చుంటే నేర్పడం తక్కువ, అరవడం ఎక్కువ. విసుగెత్తి, పక్కింట్లో ఉండే ఇంగ్లండు ఆవిడను అడిగాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో అంబులెన్సు నడిపిన మనిషి. తర్వాత అమెరికా సైనికుణ్ణి పెళ్లాడి ఇక్కడికొచ్చింది.

మొదటి రోజే సందు మలుపు తిరిగి, మన ఊళ్లోలాగే కారును ఎడమవైపుకి పోనిచ్చాను. ఎదురుగా ట్రక్కు! ఆవిడ స్టీరింగ్ పట్టి లాగి కారును పక్కన గడ్డిలోకి దించింది. ఇక తిట్లేనని కళ్లు మూసుకున్నాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"వచ్చిన కొత్తలో నేనూ ఇదే చేశాను. మా దేశంలోనూ ఎడమవైపేగా!"

హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి ఆవిడే అంది: "యుద్ధం అయిపోగానే మగవాళ్లు తిరిగొచ్చారు. అంబులెన్సు తాళాలిచ్చేసి ఇంటికి పొమ్మన్నారు. నోరెత్తకుండా ఇచ్చేశాను. ఇప్పటికీ కడుపు మండుతుంది."

లైసెన్సు వచ్చిన సాయంత్రం మా ఆయన చెయ్యి చాపారు. "కీస్ ఇలా ఇవ్వు, నేను డ్రైవ్ చేస్తా."

"మీరు పక్కన కూర్చోండి. అరవకండి," అని కారు స్టార్ట్ చేశాను.