ఫణి రాసిన త్రివేణి

మూడున్నరకి బడి వదిలాక త్రివేణి పార్కింగ్‌లో తన కారెక్కి, నాలుగింటి ఇంటర్వ్యూ కోసం ఫోన్‌ని స్టీరింగ్‌కి ఆనించి పెట్టుకుంది. ఇంకా అరగంట ఉంది కదా, ఒకసారి చూసుకుందామని తన అప్లికేషన్ ప్రింటు బయటికి తీసింది. దాన్ని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. చదివాక, పైన ఉన్న పేరు తనదేనా అని మళ్ళీ చూసుకుంది.

ఆమె ఫ్రిస్కోలో రెండో తరగతి టీచరు. చదవడం పట్టుబడని పిల్లలకి విడిగా నేర్పే రీడింగ్ స్పెషలిస్ట్ కావాలని బడిలో చేరినప్పటి నుంచీ ఆశ. దానికి మాస్టర్స్ చెయ్యాలి, మాస్టర్స్‌లో చేరాలంటే రెండేళ్లు పాఠాలు చెప్పి ఉండాలి. త్రివేణి సరిగ్గా రెండేళ్లే చెప్పింది. కాగితంలో మాత్రం ఐదేళ్లని ఉంది.

ఇదంతా భర్త ఫణి చేతి చలవ. ఫణి చెడ్డవాడు కాదు. సాఫ్ట్‌వేర్‌లో పదహారేళ్లుగా నలిగినవాడు. ఈ దేశం వచ్చి ఇర్వింగ్‌లో దిగిన కొత్తలో అతని రెజ్యూమెకి ఎవరో మూడేళ్లు కలిపిపెట్టారు. తరవాత అతను ఎందరికో కలిపిపెట్టాడు. పెళ్ళికి వెళ్తూ చొక్కా ఇస్త్రీ చేసుకున్నంత మామూలు పని అది అతనికి. "నువ్వు పిల్లల పేపర్లు చూసుకో, అప్లికేషన్ సంగతి నాకొదిలెయ్" అన్నాడు. రెండేళ్లు చాలని యూనివర్సిటీ వాళ్ళే రాసినా, మూడు కలపందే మహానుభావుడి చెయ్యి ఊరుకోలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. అప్లికేషన్‌తో జతచేసిన వ్యాసంలో త్రివేణికి ఒక తాతగారిని కూడా పుట్టించాడు. ఆయన మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంగ్లిష్ కథలు చదివి వినిపించేవారట. చీరాలలో మగ్గం నేసుకుని బతికిన అసలు తాత వేలిముద్ర వేసేవాడు.

వెంటనే ఫణికి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఐదేళ్లని రాశారేంటి?"

"అందరూ అలాగే రాస్తారు త్రివేణీ. ఎవరూ వెరిఫై చెయ్యరు. కాన్ఫిడెంట్‌గా ఉండు, చాలు."

"నాకు అబద్ధాలు చెప్పడం చేతకాదండీ."

"చెప్పమని ఎవరన్నారు? కాదనకు, అంతే."

ఫోన్ పెట్టేశాక భయం ఇంకా ఎక్కువైంది. ఊరుకుంటే రేపు ఎవరో స్కూల్‌కి ఫోన్ చేసి కనుక్కుంటారు. నిజం చెబితే ఇప్పుడే పొమ్మంటారు. తప్పుడు కాగితమని తేలితే సీటే కాదు, ఉద్యోగమూ, పదేళ్లుగా కదలని గ్రీన్ కార్డ్ ఫైలూ దాని వెంటే పోతాయేమో. అలా జరుగుతుందో లేదో ఆమెకి తెలియదు, కానీ అప్పటికే అన్నీ పోయినట్టే అనిపించింది.

నాలుగింటికి తెర మీదకి ప్రొఫెసర్ మార్గరెట్ వచ్చింది. నెరిసిన జుట్టు, గొలుసు కట్టిన కళ్ళజోడు. నవ్వుతూ మొదలుపెట్టింది.

"మీ తాతగారి గురించి చదువుతుంటే ముచ్చటేసింది. ఆయన మీకు చదివి వినిపించిన మొదటి పుస్తకం ఏది?"

కాదనకుండా ఊరుకుంటే గడిచిపోయే ప్రశ్న కాదది. ఏదో ఒక పుస్తకం పేరు నాలిక చివరిదాకా వచ్చింది.

"ఆయనకి చదువు రాదు" అంది.

ఆ తరవాత ఇక ఆపుకోలేకపోయింది. తాను బడిలో చెప్పింది రెండేళ్లేననీ, ఇది రాసింది భర్తేననీ, చూసుకోకుండా సంతకం పెట్టిన తప్పు మాత్రం తనదేననీ గబగబా చెప్పేసింది.

"చదవడం నేర్పే కోర్సుకి చదవకుండా సంతకం పెట్టారు" అంది మార్గరెట్. ఈసారి నవ్వలేదు. "అసలీ పని మీకెందుకు?"

"మా క్లాసులో మైత్రి అని ఏడేళ్ల పాప ఉంది. పుస్తకం ఇస్తే గడగడా చదివేస్తుంది. అందరూ మెచ్చుకుంటారు. ఒకరోజు నేను పేజీలో బొమ్మ మీద అరచెయ్యి పెట్టాను. టక్కున ఆగిపోయింది. పాపకి చదవడం రాదు, అంతా కంఠతా పట్టింది."

"ఎవరూ పట్టుకోనిది మీరెలా పట్టుకున్నారు?"

త్రివేణికి జవాబు తెలుసు. చెప్పకుండా ఒళ్ళో ఉన్న ప్రింటు మడతపెట్టసాగింది.

మార్గరెట్ కళ్ళజోడు తీసేసింది. "ఈ అప్లికేషన్ నేను తీసుకోలేను. మీరే వెనక్కి తీసుకోండి. గడువు సోమవారం దాకా ఉంది. మళ్ళీ వేస్తే సీటిస్తామని మాటివ్వను. వేసేటట్టయితే ఆ చివరి ప్రశ్నకి జవాబు రాయండి. మీరే రాయండి."

ఆదివారం మధ్యాహ్నం త్రివేణి భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. మూడు రోజులుగా తప్పు చేసినవాడిలా తిరుగుతున్న ఫణి టీ పట్టుకొచ్చి, వెనక నిలబడి చదివాడు.

'పదో తరగతి దాకా నాకు ఇంగ్లిష్ చదవడం రాదు. పక్కన కూర్చునే సుబ్బులు చదివితే విని కంఠతా పట్టి, పేజీలో బొమ్మ చూసి అప్పజెప్పేదాన్ని. మాస్టారు బొమ్మ లేని పేజీ తియ్యమంటారేమోనని రోజూ వెనక బెంచీలో నక్కి కూర్చునేదాన్ని.'

ఫణి కప్పు బల్ల మీద పెట్టాడు.

"పెళ్ళయి పద్నాలుగేళ్లయింది. నాకెప్పుడూ చెప్పలేదేం?"

"భయమేసి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ భయంగానే ఉందండీ" అని, త్రివేణి మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదువుకుని, ఆ వేలితోనే సబ్మిట్ నొక్కింది.