మామయ్య లారీకి పూసిన బురద

కొత్త వస్తువును పాతదిగా చెయ్యడంలో మణుగూరు కాలనీ మొత్తం మీద నన్ను మించినవాడు లేడని నాకు పొగరుండేది. ఆ మాట నిజమే. ఎందుకంటే కాలనీలో ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బొగ్గు గనుల వర్క్‌షాపులో పెయింటర్‌ని. పొద్దంతా డంపర్లకు పసుపు రంగు కొట్టి, తలుపుల మీద నంబర్లు రాసి, ఇంటికొచ్చాక కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, అరచేతిలో పట్టే మిలిట్రీ బండ్లకు రంగులు వేసేవాణ్ణి. బదిలీ మీద వెళ్లిపోతూ ఒక ఇంజనీరు సగం అతికించిన ప్లాస్టిక్ ట్యాంకు కిట్టు నా చేతిలో పెట్టాడు. అప్పుడంటుకుంది ఈ పిచ్చి. ఎవరైనా "బొమ్మలు చేస్తడట" అంటే ఒళ్లు మండేది. బొమ్మ కాదు, మోడల్. అసలు బండిలో ముప్పై అయిదో వంతు, బోల్టులతో సహా.

రంగు వెయ్యడం ఎవడికైనా వస్తుంది. అసలు పని ఆ తర్వాతే. తళతళలాడే బండిని ఎండకూ వానకూ నలిగినట్టు చెయ్యాలి. దాన్ని వెదరింగ్ అంటారు. ముందు తుప్పు రంగు వేసి, అది ఆరాక తడిచేసి, దంచిన దొడ్డుప్పు అక్కడక్కడ చల్లి, దాని మీద ఆకుపచ్చ రంగు కొట్టేవాణ్ణి. అదీ ఆరాక తడి బ్రష్‌తో రుద్దితే ఉప్పు రాలిపోయి కింది తుప్పు బయటపడేది. ఏళ్ల తరబడి పెచ్చులూడిన రేకే అనుకునేవాళ్లు చూసినవాళ్లు. ఇక దుమ్ముకైతే ఎవరి దగ్గరా చెయ్యి చాచే పని లేదు, మా ఊరే దుమ్ము. బొగ్గు లారీల రోడ్డు పక్క నుంచి నల్లది, అడవి బాట నుంచి ఎర్రది తెచ్చి, నా భార్య పాత వాయిల్ చీర ముక్కలో జల్లించి సీసాల్లో పోసుకునేవాణ్ణి. "మంది దుమ్మును ఇంట్లకెళ్లి బయటికి ఊడుస్తరు, నువ్వు బయటికెళ్లి ఇంట్లకు మోస్తున్నవ్" అని ఆమె నవ్వేది. అప్పట్లో నవ్వేది.

నాకు ఇంకో విద్య కూడా ఉండేది. ఏ డంపర్‌ను ఏ ఆపరేటర్ నడుపుతాడో తలుపు చూసి చెప్పేవాణ్ణి. కిటికీ అంచు మీద మోచెయ్యి ఆనించే చోట రంగు అరుగుతుంది. ఒకడు ముందుకు వంగి కూర్చుంటాడు, ఇంకొకడు వెనక్కి వాలతాడు, అందుకని ఒక్కొక్కడి అరుగుదల ఒక్కో చోట. పందెం కాసి గెలిచి వర్క్‌షాపులో ఎన్ని చాయ్‌లు తాగానో. మనిషి చెప్పకపోయినా బండి చెప్తుందని అందరి ముందూ గొప్పలు పోయేవాణ్ణి.

మామయ్య మా క్వార్టర్‌లోనే ఉండేవాడు. మామయ్య అంటే నా భార్య తండ్రి. తల్లాడ దగ్గరి పల్లె ఆయనది. మిలిట్రీలో పనిచేసి వచ్చినవాడు, యుద్ధం జరిగినప్పుడు లారీ నడిపినవాడు. కాలనీ పిల్లల నుంచి మా చర్చి పాస్టర్ గారి దాకా అందరికీ ఆయన మిలిట్రీ తాతే. మనిషి సన్నం, మాట తక్కువ, ఇస్త్రీ లేని చొక్కా వేసుకోడు. ఏటా ఆగస్టు పదిహేనున, జనవరి ఇరవై ఆరున కాలనీ స్కూల్లో జెండా వందనానికి హెడ్మాస్టర్ స్వయంగా ఇంటికొచ్చి పిలిచేవాడు. గని ఆఫీసరు పక్కన మొదటి కుర్చీ మామయ్యది. వారం ముందు నుంచే బూట్లకు పాలిష్ మొదలయ్యేది. పొలం లేదు, ఇల్లు లేదు, కొడుకుల్లేరు. ఆ మనిషికి ఉన్నదల్లా ఏడాదికి రెండు పొద్దులు ఆ కుర్చీ. అది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ ఏడు హెడ్మాస్టర్ నన్నొక కోరిక కోరాడు. మిలిట్రీ తాత నడిపిన లారీని మోడల్ చేసి ఇస్తే జెండా పక్కన బల్ల మీద పిల్లలకు చూపిద్దామన్నాడు. నేను ఉబ్బిపోయాను. ఒక విదేశీ లారీ కిట్టు తెప్పించి, కోసి, అతికించి, మన మిలిట్రీ లారీ ఆకారానికి తెచ్చాను. రెండు నెలలు పట్టింది. రోజూ సాయంత్రం మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని వివరాలు అడిగేవాణ్ణి.

బురద గురించి అడిగితే ఆయన మొహం వెలిగేది. "వెనక జంట చక్రాలుంటయ్ చూడు అల్లుడా, వాటి నడుమ బురద పైకి ఎండినట్టు కనబడతది, వేలు పెడితే లోపల పచ్చిగనే ఉంటది. ఇరుసు మీద బరువు మోసే కమాన్ పట్టీల మీద ఒక పొర, దాని కింద ఇంకో పొర. డీజిల్ ట్యాంక్ వెనక గడ్డ కట్టి ఉంటది, ఎంత కొట్టినా ఊడదు." ఆయన చెప్పినట్టే నల్లమట్టి, ఎర్రమట్టి, తెల్ల జిగురు కలిపి సన్న పుల్లతో పెట్టాను. అంత నిజమైన బురద నేను మళ్లీ చెయ్యలేదు.

క్యాబిన్ గురించి అడిగితే మాత్రం మాట తడబడేది. మోచెయ్యి ఎక్కడ ఆనేది? గేరు రాడ్డు మీద రంగు ఎటువైపు పోయింది? ఎక్కేటప్పుడు ఏ కడ్డీ పట్టుకునేవారు? "అంత మామూలుగనే ఉంటది లే" అని చుట్ట కోసం జేబు తడుముకునేవాడు. ఒకసారి అడిగాను, రెండుసార్లు అడిగాను. మూడోసారికి నాకు లెక్క తేలిపోయింది. ఈ మనిషికి బండి కింది నుంచి తెలుసు, వెనక నుంచి తెలుసు. కడగడానికి నీళ్ల పైపు పట్టుకుని గొంతుక్కూర్చున్నవాడికి ఎలా కనిపిస్తుందో అలా తెలుసు. సీట్లోంచి తెలియదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. పెద్దమనసు చూపించాననుకున్నాను. ఇప్పుడాలోచిస్తే అది పెద్దమనసు కాదు, దాచుకున్న రాయి. డ్రైవర్ తలుపు మీద మోచేతి అరుగుదల నా ఇష్టానికి నేనే పెట్టేశాను.

ఆగస్టు పదిహేను పొద్దున వాన తెరిపిచ్చింది. ఆఫీసరు ఇంకా రాలేదు. బల్ల చుట్టూ జనం మూగారు, వర్క్‌షాపు వాళ్లూ చర్చి వాళ్లూ పిల్లల తల్లులూ. లారీ ముందు అట్టముక్క మీద "మన మిలిట్రీ తాత నడిపిన లారీ" అని రంగుల అక్షరాలు. మామయ్య తెల్ల చొక్కాలో, మెరిసే బూట్లతో పక్కన నిలబడ్డాడు. హెడ్మాస్టర్ తలుపు వైపు చూపించి, "ఇక్కడ రంగు పోయినట్టుందేంది?" అన్నాడు. అది డ్రైవర్ మోచెయ్యి ఆనే చోటని, ఏళ్ల తరబడి రుద్దుకుంటే అలా అవుతుందని నేను మురిసిపోతూ చెప్తున్నాను.

మామయ్య అడ్డొచ్చాడు. "గట్లేం ఉండదు సార్. మా బండ్లకు ఏడ రంగు పోనియ్యం. మావోడు ఈడున్న డంపర్లను చూసి ఏసిండు."

అందరూ నవ్వారు. వర్క్‌షాపు వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు, తలుపు చూసి మనిషిని చెప్పేవాడు దొరికిపోయాడని. నా చెవులు వేడెక్కాయి. రెండు నెలలు కళ్లు పోగొట్టుకున్నది నేను. ఒక్క మాటతో నన్ను తీసిపారేశాడు, అదీ తనకు తెలియని సంగతిలో.

"నడిపినోళ్లకు తెలుస్తది మామయ్యా" అన్నాను. "కడిగినోళ్లకు తెల్వదు."

ఇంకో రెండు నవ్వులు వినిపించాయి. తర్వాత అవి ఆగిపోయాయి, ఎందుకంటే మామయ్య మొహం చూశారు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఏం కూత కూస్తున్నవ్ రా" అని ఒక్కటి పీకినా సరిపోయేది, అందరూ అల్లుడి ఎకసెక్కెమనుకునేవాళ్లు. ఆయన తల దించుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ కాసేపట్లో అక్కడున్న ప్రతివాడికీ అర్థమైపోయింది. అప్పుడే ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. అందరూ అటు తిరిగారు. జెండా ఎగిరి, పాట అయ్యి, మిఠాయిలు పంచే దాకా మొదటి కుర్చీ ఖాళీగానే ఉంది. హెడ్మాస్టర్ ఆ కుర్చీని పక్కకు తీయించలేదు, నా వైపు చూడనూ లేదు.

నేను లారీ పట్టుకుని ఇంటికెళ్లేసరికి మామయ్య లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకంటే ముందు వార్త చేరింది. నా భార్య వంటింటి గడపలో నిలబడి ఉంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను. సిగ్గులేని ప్రశ్న. అయినా అడిగాను.

"అవ్, తెలుసు. మా అమ్మకు తెలుసు, చెల్లెకు తెలుసు, మా ఊళ్లె సగం మందికి తెలుసు. ఊళ్లె దొర బండ్లు కడిగే పని తప్పుతదని మిలిట్రీకి పోయిండు. ఆడ కూడా చేతికి పైపే ఇచ్చిండ్రు. ఇరవై ఏండ్లు కడిగిండు. వచ్చి డ్రైవర్ అని చెప్పుకున్నడు. ఎవని సొమ్ము పోయింది?"

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే సరిచేస్తవ్ గద" అంది.

రంగులు, ఉప్పు, జల్లించిన దుమ్ము పెట్టుకుని లేని పాతదనాన్ని పుట్టించి శభాష్ అనిపించుకునేవాణ్ణి నేను. మామయ్య చేసుకున్నదీ అదే పని కదా. తన బతుకు మీద ఒక పూత వేసుకున్నాడు. నా పూతను చూసి మెచ్చుకోవాలి, ఆయన పూతను మాత్రం గోటితో గీకి చూడాలి. ఇదీ నా నీతి.

మరునాడు నేను ఫస్ట్ షిఫ్ట్‌కు పోయాను. తిరిగొచ్చేసరికి మామయ్య లేడు, ఖమ్మం బస్సెక్కి తల్లాడలో చిన్న కూతురింటికి వెళ్లిపోయాడు. పెరట్లో నల్లా దగ్గర బండ మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద లారీ ఆరుతోంది. పక్కన పాత పళ్ల బ్రష్, చీపురు పుల్ల. నా రెండు నెలల బురద మొత్తం పోయింది. చక్రాల నడుమ, కమాన్ పట్టీల కింద, డీజిల్ ట్యాంకు వెనక వేలు పెట్టి చూశాను, ఇసుక రేణువంత మట్టి లేదు. ఒక్క బోల్టు ఊడలేదు, ఒక్క పట్టీ విరగలేదు. కోపంతో కడిగినవాడి పని కాదది, పని తెలిసినవాడి పని. తలుపు మీది అరుగుదల మాత్రం అలాగే ఉంది. అది రంగులోనే ఉంది, నీళ్లకు పోదు.

మళ్లీ రమ్మని ఎన్నిసార్లు కబురు పంపినా మామయ్య రాలేదు. నేను వెళ్తే "బాగున్నవా అల్లుడా" అని పలకరించి, చాయ్ ఇప్పించి, వైరా కాలువకు నీళ్లు వదిలారా లేదా అన్న సంగతి మాట్లాడేవాడు. మిలిట్రీ మాట ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. బూట్లు మా క్వార్టర్‌లోనే మంచం కింద ఉండిపోయాయి. ఇచ్చేద్దామని ఒకసారి తీసుకెళ్లి, ఇవ్వలేక వెనక్కి తెచ్చాను.

మూడో ఏడు ఆయన చనిపోయాడు. తల్లాడలో ఆదరణ కూడిక జరిగింది, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన అది. కాలనీ నుంచి మా చర్చి వాళ్లు జీపు మాట్లాడుకుని వచ్చారు, హెడ్మాస్టర్ కూడా వచ్చాడు. పాస్టర్ గారు, పెద్దాయన గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను లేపారు. బస్సులో వస్తున్నంతసేపూ కూడబలుక్కున్నదే చెప్పాను. "మా మామయ్య మిలిట్రీలో లారీ నడిపిండు. యుద్ధం అప్పుడు నడిపిండు. ఆయన నోటితోనే నాకు చెప్పిండు." గొంతు పెంచి మరీ చెప్పాను.

ఒక్కరూ తలెత్తలేదు. హెడ్మాస్టర్ చాప అంచు సర్దుకుంటున్నాడు. వర్క్‌షాపు మనిషొకడు పాటల పుస్తకం తిరగేస్తున్నాడు. ఆ మాట ఇంకెవరన్నా నమ్మేవాళ్లేమో. నా నోటి నుంచి నమ్మరు, ఎందుకంటే నేను తలుపు చూసి మనిషిని చెప్పేవాణ్ణి.

తిరుగు బస్సులో నా భార్య కిటికీ వైపు కూర్చుంది. కొత్తగూడెం దాటాక నా వైపు తిరక్కుండానే అంది.

"గా మాట నాడు బల్ల కాడ అనుంటే, మా నాయిన ఇనేటోడు."