లుంగీ ఎత్తిపట్టిన చెయ్యి

కోట ఊరి దగ్గర మా రొయ్యల గుంట పక్క గుంటాయన గట్టు మీద నడుస్తూ లుంగీని ముందువైపు రెండు వేళ్ళతో ఒంటికి తగలకుండా ఎత్తిపట్టుకునేవాడు. షుగరు వల్ల ముందుతోలు బిగుసుకుపోతే, నలభై దాటాక డాక్టరు మాట మీద సున్తీ చేయించుకున్నాడు. మొదట్లో గుడ్డ తగిలినా ఎగిరిపడేవాడు.

ఐసు తెచ్చే భాయ్ ఆయన మెడలో పూలదండ వేసి, నోట్లో మిఠాయి పెట్టాడు.

“మా పిల్లకాయలకి ఇట్టనే చేస్తామన్నా. నీకు కాస్త లేటయింది.”

“నవ్వించబాక, కుట్లు లాగతన్నాయి” అన్నాడాయన.

ఏడాది తర్వాత ఎలా ఉందని అడిగాను.

“స్పర్శ కొంచెం తగ్గినట్టుంది. అయితేనేం, ఒంటేలుకి పోతే మంట లేదు. హాయిగా ఉండా.”

“మరి లుంగీ ఇంకా ఎందుకన్నా పట్టుకోనుండావు?”

ఆయన సముద్రం వైపు తిరిగి, లుంగీని ఇంకాస్త ఎత్తాడు.

“ఈ గాలికి అలవాటు పడిపోయినానబ్బయా.”